ఏసీ గాలి తగ్గిందంటే ముందు చూడాల్సింది గ్యాస్ కాదు

మీరు చెప్పింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, ఎక్కడైనా పొరబడితే సరిచేయండి. కారు కొని ఆరేళ్లు. ఏసీ చల్లగానే ఉంది. బ్లోయర్ నాలుగో నంబర్లో పెడితే హోరు బాగా వినిపిస్తోంది కానీ గాలి మొహం దాకా రావడం లేదు. గంటన్నర ఆపకుండా నడిపితే ఇంకా తగ్గిపోయి, ఒక్కోసారి దాదాపు ఆగిపోతోంది. బండి ఆపి కాసేపాగి బయల్దేరితే మళ్లీ కొంచెం నయం. గ్యాస్ తక్కువైందని రెండుసార్లు పట్టించారు, తేడా లేదు. ఇప్పుడు కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచే, రెక్కలున్న భాగం) మార్చాలంటున్నారు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. కాయిల్ దాకా వెళ్లేలోపు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో సగం మీరే ఇంటి దగ్గర చూసుకోవచ్చు.

ఇరవై ఏళ్లకు పైగా కార్ల ఏసీ పని చేస్తున్నాను. ఇప్పటికీ కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి రోజు చెప్పేది ఒక్కటే: గాలి వేరు, చల్లదనం వేరు. గ్యాస్ చేసేది కాయిల్‌ను చల్లబరచడం. గాలిని తోసేది డ్యాష్‌బోర్డు లోపలున్న ఒక మోటారు, దానికి తగిలించిన ఫ్యాను, అంటే బ్లోయర్. గ్యాస్ మొత్తం లీకైపోయి సున్నా ఉన్నా సరే, గాలి అదే జోరుతో రావాలి, కాకపోతే వేడిగా వస్తుంది. గాలి తక్కువగా వస్తోందని చెప్పగానే గ్యాస్ సిలిండర్ తెచ్చారంటే మీ మాట వాళ్లు సరిగా వినలేదన్నమాట. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. తమాషా ఏమిటంటే మీ బండి లక్షణాలు చూస్తే ఆ మినహాయింపు కూడా ఇందులో కలిసే ఉందనిపిస్తోంది. అక్కడికి వస్తాను.

గాలి ఎటు నుంచి ఎటు పోతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. బయటి గాలి అక్కడి నుంచి వస్తుంది. రీసర్క్యులేషన్ బటన్ నొక్కితే ఆ దారి మూసుకుని, ముందు సీటు ప్రయాణికుడి కాళ్ల దగ్గర నుంచి లోపలి గాలినే లాక్కుంటుంది. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టర్, బ్లోయర్, ఆ తర్వాత కూలింగ్ కాయిల్. కొన్ని బండ్లలో ఫిల్టర్ బ్లోయర్ తర్వాత ఉంటుంది. కాయిల్ దాటాక ఫ్లాపులు అనే చిన్న తలుపులు ఆ గాలిని మొహానికి, కాళ్లకు, అద్దానికి పంచుతాయి. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా చివరికి మీకు కనిపించేది ఒకటే, గాలి రాకపోవడం. అందుకే ఊహించి సామాను మార్చడం కాకుండా, దారిని ముక్కలు చేసి ఏ ముక్కలో తేడా ఉందో పట్టుకోవాలి.

మొదటి పరీక్షకు పనిముట్లేమీ అక్కర్లేదు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు, ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ ఒక్కటే ఫుల్లులో పెట్టండి. గాలి అప్పుడు కూడా తక్కువే ఉందా? ఉంటే గ్యాసుకీ, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌కీ ఈ తగ్గుదలతో సంబంధం లేదని ఆ క్షణమే తేలిపోయింది. అలా కాకుండా పొద్దున ఫుల్లుగా వచ్చి, ఏసీ వేసి గంట తిరిగాకే తగ్గుతోందంటే కథ వేరు, కాయిల్ మీద మంచు పేరుకుంటోందని అనుమానించాలి. మీరు రాసిందాన్ని బట్టి మీ దగ్గర రెండూ ఉన్నాయి: మొదటి నుంచీ తక్కువే, పోనుపోను ఇంకా తక్కువ.

ఇంకో సంగతి, మోత వినండి. చాలామంది దీన్ని పట్టించుకోరు కానీ నేను బండి ఎక్కగానే ముందు చేసేది ఇదే. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెడితే మోటారు మోత తగ్గదు, ఇంకా కీచుగా పెరుగుతుంది. గాలిని తోసే బరువు లేక మోటారు ఇంకా వేగంగా తిరగడమే దానికి కారణం. బ్లోయర్ కూడా అంతే. మోత ఎక్కువ, గాలి తక్కువ అంటే మోటారు బాగానే ఉంది, దారిలో ఎక్కడో అడ్డముంది. మోతా తక్కువ, గాలీ తక్కువ అంటే మోటారుకు కరెంటు సరిగా అందడం లేదు, లేదా మోటారే అలిసిపోయింది. మీరు హోరు బాగా వినిపిస్తోందని రాశారు. ఆ ఒక్క మాటతో నా అనుమానం నేరుగా ఫిల్టర్ మీదకు వెళ్లింది.

ఫిల్టర్ చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కల లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. పక్కన చిన్న తాడు లాంటి డ్యాంపర్ ఉంటే ముందు దాన్ని తప్పించండి. వెనక పొడవాటి ప్లాస్టిక్ మూత, రెండు క్లిప్పులు. మూత తీసి ఫిల్టర్‌ను నెమ్మదిగా, నేలకు సమంగా పట్టుకుని లాగండి. వంచి లాగితే దాని మీదున్న చెత్తంతా జారి ఫ్యానులో పడుతుంది, అప్పుడు టకటకమనే కొత్త చప్పుడు మొదలవుతుంది. కొత్త ఫిల్టర్ తెల్లగా, మడతలు విడివిడిగా ఉంటుంది. ఒకసారి నా దగ్గరికి వచ్చిన బండిలో అది ఎలా ఉందంటే మడతలే కనబడలేదు. బూడిద రంగు దుప్పటి ముక్కలా ఉంది. ఎండుటాకులు, దూది, సీటు స్పాంజి ముక్కలు. ఎలుక పెట్టుకున్న గూడు అది. ఓనరుగారు ఆరేళ్లలో అలాంటిదొకటి ఉందనే వినలేదట. సర్వీసు బిల్లులో మాత్రం ఫిల్టర్ శుభ్రం చేశామని రెండుసార్లు రాసి ఉంది.

ఫిల్టర్ తీసిపెట్టి మూత బిగించి, ఒక్క రెండు నిమిషాలు బ్లోయర్ ఫుల్లులో నడిపి చూడండి. గాలి ఒక్కసారిగా ఎగిసిందంటే దొంగ దొరికినట్టే. కొత్తది వేసేయండి. కాగితపు ఫిల్టర్‌ను టైర్లకు గాలి కొట్టే పంపుతో ఊది మళ్లీ వేయడం నాకు నచ్చదు. పైన కనిపించే దుమ్ము పోతుంది కానీ పోగుల మధ్య ఇరుక్కున్న సన్నదుమ్ము పోదు, గట్టిగా ఊదితే కాగితం చిరుగుతుంది కూడా. కొత్తదాని అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అది గాలి వెళ్లే వైపు చూపాలి. సాధారణంగా 15 వేల కిలోమీటర్లకు, లేదా ఏడాదికి ఒకసారి మార్చుకోవాలి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే. ఇంకో మాట, ఫిల్టర్ లేకపోతే గాలి బాగా వస్తోంది కదా అని తీసేసి తిరిగే మహానుభావులు చాలామంది ఉన్నారు. ఆ సుఖం కొన్ని నెలలే. ఆ తర్వాత అదే దుమ్ము వెళ్లి తడి కాయిల్‌కు అంటుకుని గట్టిపడుతుంది.

ఫిల్టర్ లేకుండా కూడా గాలి అంతంత మాత్రమే ఉంటే రీసర్క్యులేషన్ బటన్ మార్చి మార్చి చూడండి. లోపలి గాలి మీద బాగా వచ్చి, బయటి గాలి మీద తగ్గితే వైపర్ల కింద జాలీలో ఆకులు పేరుకుని ఉంటాయి. చెట్ల కింద పెట్టే బండ్లకు ఇది మామూలే. తిరగేసి ఉంటే, అంటే లోపలి గాలి మీదే తక్కువైతే, కాళ్ల దగ్గరి జాలీకి మ్యాటో సంచో అడ్డం పడిందేమో చూడండి. బటన్ నొక్కినా మోతలో కూడా ఏ తేడా రాకపోతే ఆ ఫ్లాప్ ఎక్కడో ఇరుక్కుపోయింది.

ఇప్పుడు ఆ మినహాయింపు గురించి. కాయిల్ మీద మంచు.

కాయిల్ రెక్కల మధ్య సందులు చాలా సన్నవి, మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. గాలిలోని తేమ అక్కడ నీరై కింద పైపు గుండా రోడ్డు మీద కారుతుంది. ఏసీ వేసినప్పుడు బండి కింద కారే నీళ్లు అవే. కాయిల్ వేడి 0 డిగ్రీల కంటే కిందికి పోకుండా కాపాడటానికి ఒక సెన్సార్ ఉంటుంది. సున్నాకు కాస్త పైన ఉండగానే అది కంప్రెసర్‌ను ఆపిస్తుంది. ఆపలేదనుకోండి, ఆ నీరు అక్కడే గడ్డకడుతుంది. సందులు మూసుకుంటాయి. గాలి తగ్గుతుంది. గాలి తగ్గేకొద్దీ కాయిల్‌కు వేడి అందదు కాబట్టి ఇంకా చల్లబడుతుంది, మంచు ఇంకా పెరుగుతుంది. చివరికి కాయిల్ మొత్తం ఒక మంచు పలకై కూర్చుంటుంది. బ్లోయర్ పాపం హోరుమంటూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. దారిలో గాలి తగ్గగానే ఏసీ బటన్ మాత్రం ఆపండి, బ్లోయర్ మూడులో ఉంచండి, రీసర్క్యులేషన్ తీసేసి బయటి వేడి గాలి లోపలికి రానివ్వండి. 10, 15 నిమిషాల్లో గాలి క్రమంగా పెరిగి మామూలు స్థాయికి వస్తే అది మంచే. బండి పక్కకు ఆపి కిందికి చూస్తే మామూలుగా కారే చుక్కలు కాకుండా నీళ్లు ధారగా పోతుంటాయి. కాసేపాగి బయల్దేరితే నయంగా ఉంటోందని మీరే రాశారు. అది మంచు కరగడమే అయ్యుండాలి.

మంచు ఎందుకు పడుతుందంటే కారణాలు నాలుగైదు. అన్నిటికంటే మామూలుది ఫిల్టర్ మూసుకుపోవడమే. గాలి చాలక కాయిల్ మరీ చల్లబడిపోతుంది. అంటే మీ రెండు లక్షణాలకూ మూలం ఒకటే కావచ్చు. రెండోది సెన్సార్. అది పాడైనా, తన చోటు నుంచి ఊడినా కంప్రెసర్ ఆగదు. అలా ఊడి ఉండటం నేను కళ్లారా చూశాను. ఎక్కడో కాయిల్ శుభ్రం చేయించుకుని వచ్చిన బండి అది. శుభ్రం చేసినవాళ్లు సెన్సార్‌ను రెక్కల మధ్య గుచ్చడం మర్చిపోయారు. అది పక్కన వేలాడుతూ కాయిల్‌కు బదులు చుట్టూ ఉన్న గాలి వేడిని చెబుతోంది. గంట సేపు నడిపితే చాలు, గాలి బంద్. ఒక్క రూపాయి సామాను మార్చలేదు, సెన్సార్‌ను రెక్కల్లోకి గుచ్చి పంపించాను. మూడోది కంప్రెసర్ రిలే (దానికి కరెంటు ఇచ్చే స్విచ్) అతుక్కుపోవడం. ఏసీ బటన్ ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటే అదే. ఆపి తిప్పే క్లచ్ లేకుండా ఎప్పుడూ తిరిగే రకం కంప్రెసర్ అయితే దాని కంట్రోల్ వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు. కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సరిగా పనిచేయకపోయినా ఇదే తంతు.

ఇక గ్యాస్. కొంచెం తగ్గినప్పుడు కూడా మంచు పడుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ నిజం. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్‌134ఎ గ్యాస్ 0 డిగ్రీల దగ్గర గేజీ మీద సుమారు 28 పీఎస్ఐ చూపిస్తుంది. గ్యాస్ తగ్గి లో సైడ్ (కాయిల్ వైపు) ప్రెషర్ అంతకంటే కిందికి జారితే, గ్యాస్ లోపలికి దిగే చోట కాయిల్ సున్నా కిందికి పోయి అక్కడ ముందు మంచు పడుతుంది. మీకు గ్యాస్ పట్టినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను, గేజీ తక్కువ చూపించే ఉంటుంది. కానీ గాలి చాలక కాయిల్ చల్లబడినా లో సైడ్ తక్కువే చూపిస్తుంది! అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గేజీ చూసి గ్యాస్ కలిపేస్తారు, అది ఎక్కువైపోతుంది, హై సైడ్ (కంప్రెసర్ దాటిన వైపు) ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో రాసి ఉంటుంది. రెండుసార్లు అందాజుగా పట్టించారు కాబట్టి, గాలి సంగతి తేలాక ఉన్న గ్యాస్ మొత్తం మెషీన్‌తో తీయించి, తూకం ప్రకారం మళ్లీ పట్టించండి. గాలిలోకి వదిలేస్తామంటే ఒప్పుకోవద్దు.

కాయిల్‌కే దుమ్ము పట్టిందా అన్నది కంటితో చూడకుండా ఎవరూ చెప్పలేరు. చూడటానికి డ్యాష్‌బోర్డు ఊడదీయక్కర్లేదు. ఫోనుకు తగిలించే సన్నటి పైపు కెమెరా ఉంటుంది కదా, దాన్ని ఫిల్టర్ సందులోంచో, బ్లోయర్ రెసిస్టర్ (స్పీడు తగ్గించే ముక్క) విప్పిన కంతలోంచో పంపితే కాయిల్ ముఖం కనిపిస్తుంది. రెక్కలు మెరుస్తూ వరుసగా కనిపిస్తే దాని జోలికి పోకండి. పలచటి దుమ్మైతే కాయిల్ క్లీనర్ నురగ కొట్టి నాననిస్తే కింద పైపు గుండా గోధుమరంగు నీళ్లై పోతుంది. ప్రెషర్ వాటర్ మాత్రం కొట్టనివ్వద్దు, రెక్కలు వంగి ఉన్న సందులు కూడా మూసుకుంటాయి. మందంగా తివాచీలా పేరుకుంటే నురగకు లొంగదు, కాయిల్ దించి కడగాల్సిందే. దించినా కడగడానికే, మార్చడానికి కాదు. కాయిల్ మార్చేది లీకైనప్పుడు. మీది చల్లగానే ఉందంటున్నారు. లీకుందని వాళ్లంటే డిటెక్టర్‌తోనో, రంగు వేసి అల్ట్రావయొలెట్ లైటుతోనో మీ కళ్ల ముందు చూపించమనండి.

కరెంటు వైపు తప్పులు మీ బండికి అంతగా అతకవు, అయినా ఇదే సమస్యతో వేరేవాళ్లు చదువుతారు కాబట్టి రాస్తున్నాను. బ్లోయర్ ఒకటి, రెండు, మూడులో తిరగక నాలుగులో మాత్రమే తిరిగితే అది రెసిస్టర్. ఫుల్ స్పీడులో కరెంటు రెసిస్టర్‌ను తప్పించుకుని నేరుగా వెళ్తుంది కాబట్టి అదొక్కటే బతికి ఉంటుంది. కొత్త రెసిస్టర్ కూడా నెలలోపే కాలిపోతే తప్పు దానిది కాదు, మోటారు బుష్ బిగిసి ఎక్కువ ఆంపియర్లు లాగుతోంది. ఆటోమేటిక్ ఏసీ బండ్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అన్ని స్పీడుల్లోనూ మోటారు మెల్లగా తిరుగుతుంటే, ఇంజిను స్టార్టులో, బ్లోయర్ ఫుల్లులో, కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీయకుండానే వెనక నుంచి మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడాలి. బ్యాటరీ దగ్గర 14 ఉంటే మోటారు దగ్గర 13కు అటూ ఇటూ ఉండాలి. 10 చూపిస్తే మధ్యలో ఎక్కడో తింటోంది: మాడిన కప్లరో, తుప్పు పట్టిన బాడీ ఎర్తో. కప్లర్ ఊడదీసి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి అంతా బాగున్నట్టే చూపించి మోసం చేస్తుంది.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. ఈ బ్లోయర్ ఫ్యాను చుట్టూ సన్నటి రెక్కలున్న బుట్టలా ఉంటుంది. దాన్ని తిరగేసి తిప్పినా గాలి వెనక్కి పోదు, ముందుకే వస్తుంది, కాకపోతే చాలా తక్కువగా. కొత్త మోటారు వేశాక గాలి ఇంకా తగ్గిందని ఒకాయన వస్తే రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి చూస్తే కప్లర్ సరిపోలేదని వైర్లు కోసి కలిపినప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశారు. అటుదిటు మార్చగానే జుట్టు ఎగిరేంత గాలి.

ఫ్లాపుల సంగతి క్లుప్తంగా. మొహానికి, కాళ్లకు, అద్దానికి ఒక్కోదానికి మార్చి అన్ని చోట్లా చెయ్యి పెట్టి చూడండి. మొహానికి పెట్టినా కాళ్ల దగ్గరే జోరుగా వస్తుంటే గాలి దారి తప్పుతోంది. ఇంజిను ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో కొన్ని క్షణాలు టిక్ టిక్ మంటే ఫ్లాప్ తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు విరిగాయని అర్థం. నల్లటి స్పాంజి పొట్టు వెంట్లలోంచి మొహం మీద పడుతుంటే ఫ్లాపు అంచుల సీలు పొడైపోయింది. కొత్తగా స్టీరియో వేయించాకే తగ్గిందంటే వెనక డక్ట్ ఊడిందేమో ముందు అడగండి.

బయటి గాలి మీద పెట్టినప్పుడు అద్దం రెండంగుళాలు దించగానే వెంట్లలో గాలి పెరుగుతోందా? అయితే లోపలికొచ్చిన గాలి బయటికి పోవడం లేదు. వెనక బంపర్ వెనకాల, డిక్కీ పక్కల రబ్బరు రేకులతో కంతలుంటాయి, సామానుతో మూసేశారేమో చూడండి. అద్దాలన్నీ ఎత్తి ఉంటే తలుపు గట్టిగా వేయాల్సి రావడం కూడా దీనికో గుర్తు.

మీరైతే ఇలా చేయండి. రేపు పొద్దున ఏసీ లేకుండా గాలి చూసి, ఫిల్టర్ బయటికి తీయండి, తీసినప్పుడు ఒక ఫొటో పెట్టండి. అది మూసుకుని ఉంటే కొత్తది వేసి, ఇంకేమీ ముట్టుకోకుండా మళ్లీ అదే గంటన్నర ప్రయాణం చేయండి. గాలి చివరిదాకా నిలబడితే మిగిలింది గ్యాస్ తూకం ఒక్కటే. మొదట బాగా వచ్చి మళ్లీ గంటకు తగ్గితే ఏసీ ఆపి 15 నిమిషాల పరీక్ష చేసి, అది మంచేనని తేలితే సెన్సార్ తీసి చూడమనండి. చల్లబడేకొద్దీ దాని ఓమ్‌లు (రెసిస్టెన్స్) పెరగాలి, ఐసు నీళ్లలో ముంచి మల్టీమీటర్‌తో చూస్తే రెండు నిమిషాల పని. కాయిల్ మాట ఆ తర్వాతే ఎత్తమనండి, అది కూడా కెమెరాలో మీకు చూపించాకే. ఇంకోటి, ప్రయాణికుడి వైపు కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే నీళ్లు పోయే పైపు మూసుకుపోయింది, బండి కింద నుంచి సన్నటి తీగతో మెల్లగా పొడిస్తే దిగిపోతుంది. మొహం మాత్రం పైపుకి సూటిగా పెట్టకండి, నాలాగా స్నానం చేయాల్సొస్తుంది.